పట్టా తాకిన ముగ్గు

మార్చి 3, మంగళవారం

మొదటి సైరన్ మోగకముందే రొట్టెలు చరుస్తున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. ఇవాళ్టికి ఇదే మొదటి ఆశ్చర్యం. మా మేనత్త సమ్మక్క పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తోంది. నేనూ బాపూ గోడకు ఆనుకుని అలాగే చూస్తూ ఉండిపోయాం. పోయిన ఏడాది ఇదే రోజుల్లో ఆమెకు అన్నం మేమే కలిపి పెట్టేవాళ్ళం.

"ఏంది, దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నరు?" అంది అత్త. "మొకాలు కడుక్కొని రాండ్రి. రొట్టె సల్లారినంక నన్ను తిట్టకుండ్రి."

"తిట్టేటందుకు ముందు రుచి చూడాలె గదక్కా" అన్నాడు బాపు. చాలా రోజుల తర్వాత వాళ్ళిద్దరూ అక్కాతమ్ముళ్ళలా మాట్లాడుకున్నారు.

మనసు దవాఖానలో శిక్షణకు చేరినప్పుడు ఫర్జానా మేడం నన్ను ఈ చిట్టా రాయమన్నారు. "రోగుల సంగతులు రాయకు. నువ్వు ఏం చూసినవ్, చూసి కూడ ఏం పట్టించుకోలే, అది రాయి" అన్నారు. అత్త నా రోగి కాదు. సొంతవాళ్ళకు మేము వైద్యం చేయకూడదు. అందుకని ఇంటి సంగతిగానే రాస్తున్నాను.

వచ్చే ఆదివారం అత్త ముగ్గు పట్టా తాకుతుంది. భూమి కింద, పాత బొగ్గుగనిలోని మా మూడో గ్యాలరీలో ఇంతకంటే పెద్ద వేడుక లేదు. ఎవరైనా వ్యసనం మానడం మొదలుపెడితే వాళ్ళ గుమ్మం ముందు చుట్టుపక్కలవాళ్ళు మెరుపుపిండితో ముగ్గు మొదలుపెడతారు. నెలకొక వరస పెంచుతారు. దీపాలు తగ్గించాక అది ఆకుపచ్చగా వెలుగుతుంది. గ్యాలరీ మధ్యలో, బొగ్గు తవ్విన కాలంలో డబ్బాలు నడిచిన ఇనుప పట్టా ఇంకా ఉంది. ముగ్గు ఆ పట్టాను తాకిన రోజు ఆ మనిషికి తన పాత పని తిరిగి ఇస్తారు. మధ్యలో తడబడితే మాత్రం తడిగుడ్డతో మొత్తం చెరిపేస్తారు. మళ్ళీ మొదటి చుక్క నుంచి పెట్టుకుంటూ రావాలి.

అత్త పాత పని ఫ్యాన్ ఇల్లు. పైనుంచి గాలిని లాగి మా గ్యాలరీకి పంపే పెద్ద ఫ్యాన్ ఆమె చేతిలో ఉండేది. దాని చప్పుడులో కాస్త తేడా వచ్చినా తింటున్న పళ్ళెం వదిలేసి పరుగెత్తేది. ఐదో గ్యాలరీ కప్పు కూలి మామ పోయాక ఆమెకు కంటి మీద కునుకు లేకుండా పోయింది. దవాఖానవాళ్ళు వానబిళ్ళ ఇచ్చారు. చెవి వెనక అంటించుకుంటే చాలు, రేకుల మీద వాన చప్పుడు వినిపిస్తుంది, తడిసిన మట్టి వాసన వస్తుంది, చేతుల మీద జల్లు పడుతున్నట్టే ఉంటుంది. ఆ ప్రమాదం తర్వాత చాలామందికి ఇచ్చారు. దిగులు తట్టుకోవడానికని ఇచ్చిన బిళ్ళే, కొన్నాళ్ళకు అది లేకపోతే ఊపిరి ఆడని పరిస్థితికి తెచ్చింది. ఒకరోజు ఫ్యాన్ ఆగిపోయినా అత్తకు వినపడలేదు. ఆమె చెవుల్లో వాన పడుతోంది. ఆ రోజే తాళంచెవులు తీసేసుకున్నారు.

ఫర్జానా మేడం ఆ బిళ్ళ బలాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చారు. దిగులుకు మాత్రలు ఇచ్చారు. ఎండదీపం కింద కూర్చోబెట్టారు. ప్రతి సోమవారం పిలిచి మాట్లాడించారు. అలా మాన్పించారు.

పట్టా తాకిన రోజు ఇంట్లో చదువుకుంటున్నవాళ్ళు అందరి ముందూ 'నాలుగు మాటలు' చదవాలి. ఈసారి ఆ పని నాది. ఇప్పటివరకూ మా గ్యాలరీలో ఎవరూ చదవనంత బాగా రాస్తాను.

మార్చి 5, గురువారం

గ్రంథాలయంలో అట్ట ఊడిన పాత నిఘంటువు దొరికింది. పొద్దున్నంతా దానితోనే ఉన్నాను. వానకు ఎన్ని పేర్లో! తొలకరి, జల్లు, తుంపర, ముసురు, జడివాన. నేను ఇక్కడే పుట్టాను, ఒక్క వాన కూడా చూడలేదు. పైకి వెళ్ళాలంటే ఎండకు కాలిపోకుండా వెండి సూటు వేసుకోవాలి, అది కూడా మరమ్మతు పనివాళ్ళకే దొరుకుతుంది. అయినా 'ముసురు' అని పైకి అంటే నోట్లో ఏదో చల్లగా తగిలినట్టు ఉంది. అత్త చిన్నపిల్లగా ఉన్నప్పుడు పైనుంచి వచ్చింది. నిజం వానలో తడిసిన మనుషుల్లో మా ఇంట్లో మిగిలింది ఆమె ఒక్కతే. ఈ మాటలన్నీ ఆమె కోసమే పుట్టాయనిపించింది.

మధ్యాహ్నం మేడం పాఠం చెప్పారు. మానేసిన మనిషిని మళ్ళీ అటు లాగేవి చుట్టూ చాలా ఉంటాయట. ఒక చోటు, ఒక వాసన, ఒక పాట, పక్కన కూర్చుని తీసుకున్న స్నేహితుడు. ముందు వాటిని కనిపెట్టి ఆ మనిషికి దూరంగా పెట్టాలి. రెండో సంగతి, మానేశాక ఒకసారి మళ్ళీ తీసుకోవడం ఈ జబ్బులో మామూలే. "షుగర్ పెరిగితే డాక్టర్‌కు చెప్తం గదా? ఇది మాత్రం దాస్తరు. దాచినకొద్దీ ముదురుతది" అన్నారు మేడం. మూడోది, ఎక్కువ బలం బిళ్ళ వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపకూడదు. చెమటలు, వణుకు వస్తాయి, ఒక్కోసారి మూర్ఛ కూడా వస్తుంది. నేను అంచులు గీసుకుని, తలకట్టు ఒక్కటి కూడా వంకర పోకుండా రాసుకున్నాను. నా చేతిరాతను మేడం మెచ్చుకున్నారు.

సాయంత్రం అత్త పుట్టగొడుగులు తరుగుతూ అడిగింది.

"కోమలీ, ముగ్గు చెరిగినోళ్ళు మల్ల ఎట్ల మొదలువెడ్తరే?"

"మొదటి చుక్క నుంచి" అన్నాను.

"అది నాకు తెల్వదానే? నలుగుట్ల మొకం ఎట్ల వెట్టుకొని మొదలువెడ్తరని."

అప్పుడు నా తల నిండా ఆదివారం చదవాల్సిన వాక్యాలే ఉన్నాయి. "పట్టుదల ఉన్నవాళ్ళ ముగ్గు చెరిపే అవసరమే రాదత్తా" అన్నాను. చాలా బాగా కుదిరిందనిపించింది. వెంటనే రాసుకున్నాను కూడా.

"మంచిగ జెప్పినవ్" అని అత్త మళ్ళీ తరగడంలో పడింది.

మార్చి 8, ఆదివారం

ఇవాళ మా ఇంటి రోజు. వివరంగా రాస్తాను.

పొద్దున నేను 'నాలుగు మాటలు' శుభ్రప్రతి రాస్తుంటే అత్త వచ్చి మంచం చివర కూర్చుంది. తలకు నూనె రాసుకుని, కొత్త చీర కట్టుకుని ఉంది.

"కోమలీ, నీకో మాట చెప్పాలె."

"ముందు ఇది విను" అన్నాను. సిరా ఆరకముందే చదివేశాను. చదువుతూ మధ్యలో ఆమె ముఖం చూశాను. 'ముసురు' అన్న చోట ఆమె చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది. జుట్టు సర్దుకుంది. చదవడం అయ్యాక కాగితం వైపు చూస్తూ అడిగింది.

"ఇయాలనే చదవాలెనా? వచ్చే నెల చదువరాదు?"

"వచ్చే నెల ఎందుకత్తా? పట్టా తాకేది ఇయాల గదా. సిగ్గయితుందా?"

"సిగ్గే అనుకో" అని నవ్వింది. బయట బాపు పిలిస్తే లేచి వెళ్ళింది. చెప్పాలన్న మాట మరిచిపోయినట్టుంది, నేనూ అడగలేదు.

గ్యాలరీ అంతా వచ్చింది. దీపాలు తగ్గించారు. ఓదేలు తాత ముందు నిలబడ్డాడు. మా పంచాయతీకి పెద్ద ఆయనే. ఒకప్పుడు సారాకు అలవాటు పడి మానేసిన మనిషి. ఆయన గుమ్మం ముందున్న ముగ్గు మా గ్యాలరీలో అన్నిటికంటే పాతది. పట్టా దాటి అవతలి గోడ దాకా పోయింది. కొత్తగా మానేవాళ్ళకు దాన్నే చూపిస్తారు.

"పంతులమ్మా, నాలుగు మాటలంటె నాలుగే ఉండాలె. నలుగురు నిద్రవోయేటట్టు జేయకు" అన్నాడు. అందరూ నవ్వారు.

నేను చదివాను. "మా ఇల్లు ఎండిపోయిన రోజుల్లో మా అత్త తనలోని తొలకరిని తానే వెతుక్కుంది. దిగులు ముసురులా పట్టినా ఆమె తలుపు మూయలేదు. తుంపర తుంపరగా మళ్ళీ మనుషుల్లోకి వచ్చింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఇవాళ ఈ ముగ్గు మీద కురుస్తున్న వెలుగు..." అలా సాగింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. బాపు అయితే అవతలికి తిరిగిపోయాడు.

చివరి మెలిక నేనే కలిపాను. తీగ పట్టాను తాకగానే చప్పట్లు మోగాయి. ఓదేలు తాత ఫ్యాన్ ఇంటి తాళంచెవుల గుత్తి అత్త చేతిలో పెట్టాడు. ఆమె రెండు చేతులతో తీసుకుంది. తల ఎత్తలేదు. అంత ఆనందం.

మార్చి 11, బుధవారం

నా 'నాలుగు మాటలు' బళ్ళో పిల్లల చేత చదివిస్తామని అడిగారు. మరో ప్రతి రాసిచ్చాను.

అత్త పనికి వెళ్తోంది. తల చుట్టూ శాలువా కప్పుకుంటోంది. "ఫ్యాన్ గాలి చెవుల్ల కొడ్తది" అంది. పొద్దున రొట్టె మాడింది. పొయ్యి ముందే కూర్చుని ఉన్నా ఆమెకు వాసన తెలియలేదు. చాలా రోజులకు మళ్ళీ పని కదా, అలసట అనుకున్నాను. మధ్యాహ్నం నీళ్ళకు వెళ్తుంటే గోడ ఊట కారే చోట ఆమె నిలబడి ఉంది. చెయ్యి చాపి, చుక్కలు అరచేతిలో పడనిస్తూ. ఎంతో అందంగా కనిపించింది. దాని మీద ఒక వాక్యం రాయాలని అనుకున్నాను.

దవాఖానలో మేడం అడిగారు, "అత్త ఎట్లున్నది? ఈ సోమవారం రాలే."

"ఫ్యాన్ పని గదా మేడం, తీరుతలేదు. మంచిగనే ఉంది" అన్నాను.

మేడం ఇంకేదో అడగబోయారు. అంతలో వేరే రోగి వచ్చాడు.

మార్చి 16, సోమవారం

అత్తకు ఒంట్లో బాగా లేదు. నిన్నటి నుంచి చేతులు వణుకుతున్నాయి. జాకెట్టు చెమటతో తడిసిపోతోంది. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతోంది. బాపు గిన్నె కింద పెడితే అరిచేసింది, తర్వాత తనే ఏడ్చింది.

"జెరమేనే. రేపటికల్ల పోతది" అంది నాతో.

"దవాఖానకు పోదాం పా" అన్నాను.

"ఒద్దు. గాడికొద్దు." ఆ రెండు మాటలూ చాలా గట్టిగా అంది. మరుక్షణం నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు రాసిన సమ్మక్క లెక్కనే అయిత, జూడు. జర్ర ఓపిక వట్టు."

నా రాత ఆమెకు ఇంత ధైర్యం ఇచ్చిందా అని నాకు గర్వం కలిగింది. అల్లం, మిరియాలు వేసి కషాయం కాచి ఇచ్చాను. సగం ఒలికిపోయింది. మిగతాది తాగింది. పనికి వెళ్ళొద్దంటే వినలేదు. "తాళంచెవులు ఇచ్చిన వారానికే ఇంట్ల పంటె ఏమంటరు?" అని వెళ్ళిపోయింది.

మార్చి 17, మంగళవారం

ఫ్యాన్ ఆగింది.

చప్పుడు ఆగిపోవడమంటే ఏమిటో మా గ్యాలరీలో పుట్టినవాళ్ళకు వేరే చెప్పాల్సిన పని లేదు. పొయ్యిల దగ్గరి నుంచి, చేపతొట్ల దగ్గరి నుంచి అందరూ బయటికి వచ్చి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను పరుగెత్తాను. నాకంటే ముందే ఓదేలు తాత, ఇంకొందరు చేరారు.

అత్త నేల మీద పడి ఉంది. ఒళ్ళంతా కొట్టుకుంటోంది. కుడి మణికట్టు వంకరగా తిరిగి ఉంది. ఒకాయన ఆమె కాళ్ళు అదిమి పట్టుకున్నాడు. ఒకామె పళ్ళ మధ్య గరిటె పెట్టడానికి చూస్తోంది. ఓదేలు తాత ఫ్యాన్ ఇంటి తాళంచెవుల గుత్తి ఆమె పిడికిట్లో కుక్కుతున్నాడు.

"ఇనుము తీసెయ్యి తాతా! నోట్లో ఏం పెట్టకండ్రి! పట్టుకోకండ్రి, ఇడవండ్రి!" అని అరిచాను.

"ఫిట్సొస్తె ఇనుమే పెట్టాలె పోరీ, మా తాతలకెల్లి..."

"తాతా, దండం పెడ్త!"

గుత్తి లాగేసి అవతల పడేశాను. ఆమె తల కింద శాలువా మడిచి పెట్టాను. కొట్టుకోవడం తగ్గాక పక్కకు ఒత్తిగిలించి, నురగ బయటికి పోయేలా ముఖం వంచాను. ఇదంతా నేర్చుకున్నట్టే చేశాను. అప్పుడే శాలువా తీసిన చెవి వెనక చూశాను. గుండ్రంగా, ఎర్రగా, పచ్చిగా ఉన్న మచ్చ. పాత మచ్చలు మానిపోయి చాలా కాలమైంది. ఇది కొత్తది.

ఓదేలు తాత ఎలాగో ఫ్యాన్ తిప్పాడు. గాలి వచ్చింది. కింది వరుస ఇళ్ళలో పసిపిల్లలు దగ్గుతూ ఉన్నారు.

శాలువా, మాడిన రొట్టె, ఊట నీళ్ళు, వణుకు, చెమట. ఒక్కొక్కటీ ఈ చిట్టాలో నా చేత్తోనే రాశాను. అక్షరాలు మాత్రం చాలా అందంగా ఉన్నాయి.

మార్చి 18, బుధవారం

అత్తకు స్పృహ వచ్చింది. మణికట్టుకు కట్టు వేశారు. మళ్ళీ మూర్ఛ రాకుండా మందు ఇస్తున్నారు. నేను లోపలికి వెళ్ళగానే గోడ వైపు తిరిగింది.

మేడం నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టారు.

"ఆమె చెప్పుమన్నంత వరకే చెప్తున్నా కోమలీ. ముగ్గు పట్టా తాకే ముందు వారం, మామ పోయిన రోజు వచ్చింది. ఆ రోజు ఎవ్వరి దగ్గరనో పాత బిళ్ళ దొరికితె ఒకసారి పెట్టుకున్నది. ఒక్కసారే. తీసి పడేసింది. నీకు చెప్దామనుకున్నది."

"నాకా?"

"దవాఖానల నేర్చుకుంటున్నవ్ గదా. ఇంట్ల పిల్ల. తిట్టది, అర్థం చేసుకుంటది అనుకున్నది."

మంచం చివర కొత్త చీర కట్టుకుని కూర్చున్న అత్త కళ్ళ ముందు కనిపించింది. ముందు ఇది విను, అన్నాను నేను.

ఆ ఆదివారం సాయంత్రమే మళ్ళీ బిళ్ళ సంపాదించిందట. ఈసారి బలం ఎక్కువది. రోజూ పెట్టుకుంది. నేను చదివిన వానలన్నీ ఆమెకు నిజంగా గుర్తొచ్చాయట. వారం తిరగకుండానే నా మాటలు నిజం చేయాలని, ఎవరికీ చెప్పకుండా బిళ్ళను సంపులో పారేసి ఒక్కసారిగా ఆపేసింది.

"నా వల్లనే కదా మేడం?"

మేడం చేతిలోని టీ గ్లాసు తిప్పుతూ ఉన్నారు.

"నీ ఒక్కదాని వల్ల ఎవ్వరికీ జబ్బు రాదు. అంత పెద్దదానివి కాలేదు నువ్వింక" అన్నారు. "ఆమెకు దిగులున్నది, ఆ దిగులుకు ఈ అలవాటు తోడైంది. రెండిటికీ మందు నడుస్తనే ఉన్నది, మల్ల నడుస్తది. అది ఒక సంగతి. ఆ రోజు ఆమె చెప్పవస్తె నువ్వు వినలే. అది ఇంకో సంగతి. రెండూ నిజమే. కలిపి ఒక్కటి చేసుకొని నెత్తి కొట్టుకోకు, ఒకటి చూపించి ఇంకోటి మాపకు."

కొంచెం ఆగి మళ్ళీ అన్నారు. "సోమవారం రాలేదంటె నేనన్నా మీ ఇంటికి రావాల్సుండె. మంచిగుంది అన్నవ్, నమ్మిన. నాకు నమ్మబుద్ధయ్యింది."

మార్చి 20, శుక్రవారం

సాయంత్రం పట్టా మీద పంచాయతీ కూర్చుంది. అత్త ముగ్గు చెరపాలన్నారు.

"ఫ్యాన్ ఆగింది. పసిపోరలు దగ్గిండ్రు. ఇంకేం గావాలె?" అన్నాడు ఓదేలు తాత. ఆయన మాటలో అన్యాయం లేదు. దగ్గిన పిల్లల తల్లులు అక్కడే ఉన్నారు.

"ఫ్యాన్ తాళంచెవులు తీస్కోండ్రి తాతా. అది సరే. బాగయ్యేదాక ఆ పని ఒద్దు" అన్నాను. "ముగ్గు ఎందుకు చెరుపుడు? ఆమె మానిన నెలలు అబద్ధమా?"

"చెరపకుంటె ముగ్గుకు ఇలువేముంటది పంతులమ్మా?"

జవాబు కోసం వెతికాను. నాకు తెలిసిన మంచి మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. "ఆమె... ఆమె చెప్పాలనుకున్నది తాతా. చెప్పాలనే అనుకున్నది" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాను.

మేడం నిలబడ్డారు. "తప్పు చెప్తె చెరుపుతం, దాస్తె చప్పట్లు గొడ్తం. ఇట్లుంటె ఎవ్వరు చెప్తరు పెద్దయ్యా? ఈ గ్యాలరీల ఇన్ని ముగ్గులున్నయ్. ఒక్కటి గూడ తడబడలేదంటరా? అట్ల జరగదు. నేను ఇన్నేండ్లకెల్లి ఇదే పని చేస్తున్న."

కొందరు నేల వైపు చూశారు. బాపు లేచి, "అక్క గుమ్మం ముందట నేనే నీళ్ళు వోస్త. బయటోళ్ళు ముట్టొద్దు" అన్నాడు. ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డాడో నాకు తెలుస్తూనే ఉంది.

"రేపు మొదటి సైరన్‌కు. గుడ్డ నేనే దెస్త" అని ఓదేలు తాత లేచాడు. "ఇగ లేవుండ్రి."

మార్చి 21, శనివారం

మొదటి సైరన్‌కు బాపూ నేనూ తలుపు తీశాం. ఇంకా దీపాలు పెంచలేదు. ఎప్పుడూ ఆ వేళకు గ్యాలరీ నేలంతా పచ్చగా వెలుగుతూ ఉంటుంది. ఇవాళ అక్కడక్కడా నల్లటి ఖాళీలు.

ముందు నాకు అర్థం కాలేదు. చేపతొట్ల కనకయ్య గుమ్మం ముందు ముగ్గు లేదు. నేల తడిగా ఉంది. బడి పంతులు గుమ్మం ముందు లేదు. వాళ్ళ పక్కింటి ముందు కూడా లేదు. ఎవరి గుమ్మం ముందు వాళ్ళే నిలబడి ఉన్నారు. పంతులు భార్య ఆయన వైపు చూస్తోంది, ఆయనా తడబడ్డ సంగతి ఆమెకు ఇవాళే తెలిసినట్టుంది. ఒకరితో ఒకరు అనుకుని చేసినట్టు లేదు. పక్కగుమ్మం చూసి ఒక్కొక్కరూ ఉలిక్కిపడుతున్నారు.

గ్యాలరీ చివర అవతలి గోడ దాకా పాకిన ఆ పాత ముగ్గు కూడా లేదు.

ఓదేలు తాత బకెట్టు పట్టుకుని మా వైపు నడిచి వచ్చాడు. పంచె అంచు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. చేతిలోని గుడ్డకు మెరుపుపిండి అంటుకుని వేళ్ళ సందుల్లోంచి పచ్చగా కారుతోంది. మా గుమ్మం ముందు ఆగి అత్త ముగ్గును చాలాసేపు చూశాడు. ఇప్పుడు మా వరసలో పట్టా తాకి ఉన్నది అదొక్కటే. బాపు చెయ్యి చాచాడు, గుడ్డ ఇమ్మని.

తాత ఖాళీ బకెట్టును బోర్లించి చూపించాడు.

"ఇయాల్టి నీళ్ళు అయిపోయినయ్" అన్నాడు. అంతే. గుడ్డ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

దవాఖానకు పరుగెత్తి అత్తకు చెప్పాను. గోడ వైపు తిరిగే విన్నది. తల తిప్పకుండానే అడిగింది.

"ఓదేలు మామ గూడనా?"

"ఆయన గూడ."

ఆమె భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో నాకు కనిపించలేదు. తర్వాత మెల్లగా ఇటు తిరిగింది. ముఖం బాగా పీక్కుపోయింది.

"నువ్వు రాసింది మంచిగున్నది కోమలీ" అంది. "గా సమ్మక్క మస్తు మంచిది. గామె ముందట నేను నిలవడలేకపోయిన."

నా జేబులో రెండు పేజీల క్షమాపణ ఉంది. నిన్న రాశాను, ఇవాళ పొద్దున శుభ్రప్రతి తీశాను. చెయ్యి జేబులోకి పోవడం అత్త చూసింది. చూసి కళ్ళు మూసుకుంది.

"ఇయాల ఒద్దు బిడ్డా. ఏం చదువకు. అలసిపోయిన."

బయటికి వచ్చి ఆ కాగితాలు మళ్ళీ చదువుకున్నాను. బాగానే ఉన్నాయి. అందులోనూ వాన ఉంది. చింపి పుట్టగొడుగుల ఎరువు తొట్టిలో వేశాను.

ఆమె చెప్పాలన్న మాట ఏమిటో మేడం ద్వారా నాకు తెలిసిపోయింది. కానీ ఆమె నోటి నుంచి నేను వినలేదు. ఆ పొద్దున వినాల్సింది. ఆ పొద్దు మళ్ళీ రాదు. ఆమె మణికట్టు అతుక్కున్నా, ముగ్గు ఉన్నచోటే ఉన్నా, అది మాత్రం రాదు.

రేపు ఆదివారం. మొదటి సైరన్‌కు లేస్తాను. రొట్టెలు నేనే చేస్తాను, పిండి ఇప్పుడే కొలిచి పెట్టాను. నా రొట్టెలు గుండ్రంగా రావు, ఆమె తప్పకుండా వెక్కిరిస్తుంది, వెక్కిరించనీ. కాగితం, కలం ఇంట్లోనే వదిలి వెళ్తాను. కట్టు లేని చేతి వైపు కూర్చుని, ముక్కలు తుంచి పెడతాను. తిన్నాక ఒక్కటే అడుగుతాను: "అత్తా, గా ఆదివారం పొద్దుగాల నాకో మాట చెప్పాలె అన్నవ్. ఏంది?" ఆమె చెప్పడం మొదలుపెట్టేదాకా, మొదలుపెట్టి ఆగిపోయినా, నేను నోరు తెరవను. రేపు చెప్పకపోతే ఎల్లుండి పొద్దున మళ్ళీ పిండి కలుపుతాను.